చుట్టం ట్రాక్టరుకి పళ్ళు చూడరాదు

నీలయ్యవలస, రాజాం దగ్గర
4 మే 2025

గంగులు మావయ్యకి,
మేనకోడలు శైలజ నమస్కరించి రాసేది.

ఈ ఉత్తరం ఇప్పుడే రాయాల్సి వచ్చింది. ఎందుకంటే నాన్న వచ్చే నెల సంతలో ఎడ్లని అమ్మేసి నీ పాత ట్రాక్టరు తెచ్చుకుంటానంటున్నాడు. ఆ ట్రాక్టరు ఈమధ్య పొలం దున్నుతుండగా చూసిన మనిషి మా ఇంట్లో ఒక్కరూ లేరు. ఫోన్లో అడగొచ్చు కదా అంటావు. మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ సరిగ్గా ట్రాక్టరు అనే మాట దగ్గరే మీ కొత్తవలసలో టవరు పోయింది. అంత పెద్ద రైల్వే జంక్షనులో నా గొంతు ఒక్కదానికే సిగ్నల్ దొరకడం లేదు.

జరిగింది ఒకసారి గుర్తు చేస్తాను. నీ మనవరాలికి రామతీర్థంలో చెవులు కుట్టించిన రోజు, భోజనాల బంతిలో కూర్చుని నువ్వు, "మా ట్రాక్టరు అమ్మీద్దామనుకుంటన్నాను, కొంటామని తెగ తిరుగుతన్నారు" అన్నావు. నాన్న పప్పన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "పరాయోడికెందుకురా గంగులూ, నానే తీసుకుంటాను" అన్నాడు. బంతిలో నలభైమంది విన్నారు. పాయసం వచ్చేలోపల బేరం అయిపోయింది. మనవాళ్ళు వంకాయలు కొనడానికి ఇంతకంటే ఎక్కువసేపు తీసుకుంటారు.

నేను ట్రాక్టరుకి శత్రువుని కాను. నాన్న మోకాలు వాచిపోయి నాగలి వెనక నాలుగు చాళ్ళు నడవలేకపోతున్నాడు. రాజాంలో నేను పనిచేసే విత్తనాల దుకాణం పక్కన మెకానిక్ షెడ్డు ఉంది. అన్నం తిన్నాక వెళ్ళి మెకానిక్కుని అడిగాను. పాత బండికి గొప్ప గుణాలున్నాయట. ఇనుము మందం. లోపల కంప్యూటరు ఉండదు, రెంచీ పట్టుకోగలిగిన ప్రతివాడూ డాక్టరే. ఫైనాన్సువాళ్ళు గుమ్మం తొక్కరు. ఏం చెడిపోయిందో దానంతటదే చప్పుడు చేసి చెబుతుంది. ఇన్ని చెప్పి, "ఇంతకీ పొగ ఏ రంగమ్మా?" అన్నాడు. తెలియదన్నాను. నీలం పొగ వస్తే ఇంజను ఆయిల్ తాగేస్తున్నట్టు అర్థమట.

అందుకే అడుగుతున్నాను. పొగ ఏ రంగు? పైకెత్తిన కల్టివేటరు ఎత్తినచోటే నిలబడుతుందా, మనిషి టీ తాగి వచ్చేసరికి నేలకి దిగిపోతుందా? సెల్ఫ్ కొడితే స్టార్టవుతుందా? ఆర్.సి. గడువు ఎప్పటిదాకా ఉంది?

ఇవన్నీ నాన్నే అడగాలి. అడగమంటే, "సుట్టం ఇచ్చిన ఎద్దుకి పళ్ళు సూత్తామేటే?" అని నన్ను కసిరాడు. సంతలో అయితే ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసి వయసు కడతారు. చుట్టం దగ్గర కొంటే చూడరు. చూస్తే చుట్టరికం మీదే అనుమానపడ్డట్టు. ఎద్దుకున్న ఆ మర్యాదని నాన్న నీ ట్రాక్టరుకి కూడా ఇచ్చేశాడు. నాకు అంత మర్యాద రాలేదు.

శైలజ

•

కొత్తవలస
11 మే 2025

(మావయ్య నోటితో చెప్పింది చెప్పినట్టే రాయమన్నాడు. రాస్తున్నది కోడలు అరుణశ్రీ.)

ఒసే గుంటా శైలజా,

నీ ఉత్తరం అందినాది. సేతిలో ఫోనెట్టుకుని ఉత్తరమేటే? పోస్టుమేను వాకిట్లో నిలబడితే కోర్టు కాయితమనుకుని మీ అత్త ఏడుపు లంకించుకున్నాది. మీ ఇంట్లో నీకంటే ముందు బడి మెట్టెక్కినోళ్ళు లేరు. నువ్వెక్కినావు, సంతోసం. ఎక్కినదానివి దిగి మనుసుల్లోకి రావాలి కదేటి?

పొగ ఏ రంగని అడిగినావు. నువ్వు ట్రాక్టరు కొంతన్నావా, సీర కొంతన్నావా? పొగ పొగరంగులోనే ఉన్నాది. ఎత్తిన కల్టివేటరు కిందికి దిగిపోద్దా అన్నావు. దిగకపోతే దున్నడమెలాగే? మీ ఊర్లో భూమి కిందున్నాదా, మీదున్నాదా? ఆర్.సి. బీరువాలో ఉన్నాది. తాళాలు మీ అత్త దగ్గరున్నాయి. మీ అత్త ఊరెళ్ళినాది.

ఆ బండిని తక్కువగా సూడకు. నీ పుట్టెంట్రుకలకి మీ ఇంటిల్లిపాదినీ సింహాచలం ఎక్కించుకెళ్ళినాది అదే. అప్పుడది కొత్త పెళ్ళికూతురు. తొట్టి నిండా జనం, మీ అమ్మ ఒళ్ళో నువ్వు, దారంతా ఏడుపు. అప్పుడు మాత్రం పొగ ఏ రంగని అడగలేదు.

మీ బాబుకి నా మాట సెప్పు. జూన్‌లో నానే తోలుకొచ్చి మీ వాకిట్లో ఎడతాను.

ఇట్లు,
గంగులు (వేలిముద్ర కాదు, సంతకమే)

శైలజా, ఇది నా సొంత మాట. సెల్ఫ్ గురించిన ప్రశ్న చదివినప్పుడు మావయ్య చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. తిరిగొచ్చి "తరవాతదేటి?" అన్నాడు. అంతకుమించి రాయను. ఆయన ఇంట్లో అన్నం తింటున్నాను. – అరుణశ్రీ

•

నీలయ్యవలస
17 మే 2025

మావయ్యకి,

నాలుగు ప్రశ్నలకి నాలుగు ఎదురు ప్రశ్నలు అందాయి. ఉత్తరం మొదట్లో ఇంట్లో ఏడుస్తున్న అత్త చివరికి వచ్చేసరికి ఊరెళ్ళిపోయింది. తాళాలు పట్టుకుని అంత వేగంగా వెళ్ళిన అత్తనే నాన్న కొనుక్కుంటే మేలు.

అరుణశ్రీ అక్క అన్నం తిన్న ఇంటికి ద్రోహం చేయలేదు. ఫోటోలు చేశాయి. చెవులు కుట్టించిన రోజు మీ ఇంటి దగ్గర తీసినవి చూశాను, రెండేళ్ళ కిందటివి కూడా వెతికి చూశాను. అన్నిట్లోనూ ట్రాక్టరు మీ ఇంటి వెనక దిబ్బ మీదే ఉంది. అన్నిట్లోనూ ముందు చక్రం కింద రాయి ఉంది. మెకానిక్కుకి చూపిస్తే గట్టిగా నవ్వాడు. రాయి తీస్తే బండి దొర్లుతుంది, దొర్లేటప్పుడు గేరు వేస్తే ఇంజను లేస్తుంది, అంతే కదా? మావయ్యా, మా ఊరు పళ్ళెం. వాన పడితే ఏ వైపు పారాలో నీళ్ళకే తెలియదు. నీ బండి స్టార్టు చేయాలంటే నాన్న ముందు ఒక కొండ కొనాలి.

ఇక్కడ సంగతులు చెబుతాను, నవ్వుకో. నాన్న నీ బండికి చోటు కోసం ఎడ్ల శాల పక్కగోడ పడగొట్టాడు. అమ్మ పసుపు, కుంకుమ, గుమ్మడికాయ తెచ్చి పెట్టింది. మా ఎడ్లు మచ్చోడినీ తెల్లోడినీ గరివిడి వైపు రైతు చూసి బయానా ఇచ్చి వెళ్ళాడు. ఆయన మాత్రం వాటి నోళ్ళు తెరిచి పళ్ళు చూశాడు. చుట్టం కాడు కాబట్టి ఆ అదృష్టం ఆయనకుంది. జూన్ పద్నాలుగున సంతలో అప్పగించాలి.

ఇక నవ్వాల్సినది కాదు. కాలువ నీళ్ళు మా మడికి నిలిచేది వారం, మహా అయితే పది రోజులు. ఆ నీళ్ళలోనే బురద కలిపి దమ్ము చేసుకోవాలి. దమ్ము పడకపోతే ఊడ్పు లేదు. ఊడ్పు లేకపోతే ఆ రెండెకరాలు ఏడాదంతా ఖాళీ, వాటి మీద బతికే మేమూ ఖాళీ. ఎడ్లుంటే నాన్న కుంటుతూనైనా సగం చేస్తాడు, మిగతా సగానికి ఇంకోడి ట్రాక్టరు కోసం బతిమాలుకుంటాం. ఎడ్లు వెళ్ళిపోయి నీ బండి మొరాయిస్తే ఏం చేస్తామో నాకు తెలియదు. తెలిస్తే ఈ ఉత్తరం రాయను.

ఒక్కసారి మెకానిక్కుని తీసుకుని వస్తాను. చూడనివ్వు. బాగుంటే నేనే గుమ్మడికాయ కొడతాను.

శైలజ

•

కొత్తవలస
25 మే 2025

శైలజకి,

మెకానిక్కుని తెస్తావా నా వాకిట్లోకి? మీ అమ్మని మీ బాబుకి ఇచ్చినప్పుడు మీ బాబు మెకానిక్కుని తీసుకొచ్చినాడేటే? తీసుకొస్తే ఆ పెళ్ళి జరిగీదేటి? మనిసిని నమ్మి తీసుకెళ్ళినాడు. ఇన్నేళ్ళకి మీ అమ్మ ఏ దిబ్బ మీదినించైనా దొర్లినాదా?

మా బావ అప్పలసూరి అడగని మాట నువ్వెవత్తివే అడగడానికి? నలభైమందిలో తీసుకుంటానన్నాడు, నలభైమందిలో ఇస్తానన్నాను. అయిపోనాది. ఇంకో ఉత్తరం రాస్తే పోస్టుమేనుకి నీళ్ళు కూడా ఇవ్వను.

గంగులు

శైలజా,

ఈ కాగితం వేరే. మావయ్యకి తెలియకుండా పెడుతున్నాను. ఇది రాయకపోతే నాకు మీ గుమ్మడికాయే కళ్ళలో మెదులుతోంది.

కొంటామని తెగ తిరుగుతున్నారన్నది పూర్తిగా అబద్ధం కాదు. పాత ఇనుము కొనేవాడు మూడుసార్లు తిరిగాడు. వాడొక్కడే. ఆ రోజు మా పుట్టింటివాళ్ళంతా బంతిలో ఉన్నారు. వాళ్ళ ముందు గొప్పకి పోయి మావయ్య ఆ మాట అన్నాడు. మీ నాన్నగారు తీసుకుంటాననేసరికి ఈయన ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. నేను వడ్డిస్తున్నాను, చూశాను.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే దాని దగ్గరికి వెళ్తాడు. ఎక్కడినుంచో పాత సెల్ఫ్ మోటారు తెచ్చి బిగించాడు, పట్టలేదు. ఒక పక్క స్పానరు తిప్పుతూ, "దీన్ని మా బావ మెడకి కట్టమంటావేటిరా?" అని దాన్నే తిడతాడు. ఇవ్వననలేడు. ఎందుకివ్వవు అంటే బంతిలో చెప్పింది గొప్పలని ఒప్పుకోవాలి. ఊరికే ఇవ్వనంటే అక్క గుమ్మంతో తెగతెంపులు చేసుకున్నట్టు. నన్ను పట్టించకు.

అరుణశ్రీ

•

నీలయ్యవలస
30 మే 2025

మావయ్యకి,

అరుణశ్రీ అక్క రాసింది చదివాను. ఇప్పుడీ మాట కూడా నీకు తనే చదివి వినిపిస్తోంది కాబట్టి నేను పట్టించినట్టు కాదు, తనే పట్టుబడినట్టు. ఏమీ అనకు. కోపమొచ్చి తను మధ్యలో ఆపేస్తే మిగతాది నీకు చదివేవాళ్ళు లేరు. మిగతాదే అసలైనది.

నిన్న నాన్న ఎడ్లకి కుడితి పెడుతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నాన్నా, నీకు ట్రాక్టరు తోలడం వచ్చేటి?" అన్నాను.

"రాదు."

"మరి ఎవరు తోలతారు?"

"ఎవుడో ఒకడు తోలతాడు. ఎల్లు, నీకెందుకు?"

నేను కదల్లేదు. కాసేపు కుడితి కలిపి కలిపి, మచ్చోడి వైపు చూస్తూ చెప్పాడు:

"నాకెందుకే ఆ ట్రాక్టరు? గంగులుగాడు అమ్ముకుంతానన్నాడు. ఊరికే ఎవుడైనా ట్రాక్టరు అమ్ముకుంతాడేటి? ఏదో ఇబ్బందిలో ఉన్నాడు, సెప్పుకోలేకపోతన్నాడు. పరాయోడి ముందు తల దించీకంటే నానే తీసుకుంటే, మీయమ్మ తోడబుట్టినోడి మొకం నిలబడతాది."

"ఇప్పుడు వద్దని చెప్పొచ్చు కదా?"

"అన్నంలో సెయ్యెట్టి అన్న మాటే అది. ఎనక్కి తీసుకుంటే మళ్ళీ ఏ బంతిలో కూకుంటాను?"

మావయ్యా, ఇదీ సంగతి. నీ ట్రాక్టరు చెడిపోయిందని నువ్వు దాస్తున్నావు. నీ సంసారం చెడిపోయిందని నాన్న దిగులు పడుతున్నాడు. ఆయన్ని కష్టపెట్టకూడదని నువ్వు పొద్దున్నే స్పానరు పట్టుకుంటున్నావు, నిన్ను కష్టపెట్టకూడదని ఆయన ఎడ్లని అమ్ముకుంటున్నాడు. పనికిరాని బండి ఒకటి, దాన్ని ఇవ్వడం ఇష్టంలేనివాడొకడు, తీసుకోవడం ఇష్టంలేనివాడొకడు. ముగ్గురూ కలిసి మా ఇంటికి వస్తున్నారు, మంగళహారతితో. ఇంత ప్రేమని తట్టుకోవడానికి రెండెకరాలు చాలవు.

నిజం నీ నోటితో ఒక్కసారి చెప్పు. నాన్నకి చెప్పను. నాకు చెప్పు.

శైలజ

•

కొత్తవలస
3 జూన్ 2025

అమ్మా శైలజా,

అరుణశ్రీని ఏటీ అనలేదు. రెండు రోజులు మాటాడలేదు, అంతే. ఆ రెండు రోజులూ కాపీ కూడా నానే ఎట్టుకున్నాను.

సెల్ఫ్ పని సేయదు. పొగ నీలమే. ఎవులేనా అడిగితే శివుడి కంఠమని సెప్తన్నాను. లిఫ్టు ఎత్తితే నువ్వు సెప్పినట్టు టీ దాకా కూడా ఆగదు, గలాసు కడిగీలోపే దిగిపోతాది. బ్రేకు ఒక పక్కే పడతాది. ఆర్.సి. గడువు అయిపోయి సానా కాలమైనాది, తాళాలు నా మొలతాడుకే ఉన్నాయి. మంచి కూడా ఒకటి రాయి, అరుణశ్రీ, అన్నీ సెడ్డే రాయకు. గేరుబాక్సు రాయిలాగున్నాది. ఒకసారి లేసిందంటే పొద్దు గూకీదాకా ఆగదు. లేవడమే కష్టం. నాకూ అంతే.

మీ బాబు నా కోసం ఎడ్లమ్ముతన్నాడని సదివీసరికి మీ అత్త ఏడిసినాది. ఈసారి నిజంగానే ఏడిసినాది, ఊరెళ్ళలేదు.

నాకేటి ఇబ్బంది లేదే. తింటన్నాను, ఉన్నాను. కానీ నాను ఇవ్వనంటే నలుగురిలో అబద్ధాలకోరునైపోతాను. ఆడు వద్దంటే మాట తప్పినోడైపోతాడు. మరెవులంటారు? నువ్వు సదువుకున్నావు కదా, నువ్వే సెప్పు. ఎటకారం కాదు. నిజంగా అడుగుతన్నాను.

గంగులు

•

నీలయ్యవలస
7 జూన్ 2025

మావయ్యకి,

ఎవరంటారని అడిగావు. నేనంటాను. నాన్న మాట తప్పకుండా, నువ్వు గొప్పలు ఒప్పుకోకుండా ఈ బేరం విరగాలంటే, మర్యాద తెలియని మనిషి ఒకరు కావాలి. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే కాబట్టి ఆ లోటు నాకు ఉందని అందరూ ఇప్పటికే సగం నమ్ముతున్నారు. మిగతా సగం నువ్వు నమ్మించాలి.

నువ్వు నాన్న పేరున ఒక ఉత్తరం రాయించు. "నీ కూతురు నా ట్రాక్టరుకి పళ్ళు చూస్తానంది, మెకానిక్కుని తెస్తానంది, నా వాకిట్లో నన్ను దొంగని చేసింది. అనుమానించిన ఇంటికి నా బండి పంపను. మా అక్క మీద గౌరవం కొద్దీ మాట్లాడకుండా ఊరుకుంటున్నాను" అని ఉండాలి. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, చూసుకో. నేను అడిగినవే, అన్నవే. అప్పుడు నువ్వు అవమానపడ్డవాడివి, నాన్న కూతురి చేతిలో పరువు పోగొట్టుకున్నవాడు. ఇద్దరూ మర్యాదస్తులుగానే మిగులుతారు. గరివిడి రైతుకి బయానా తిరిగి ఇచ్చేయొచ్చు. ఎడ్లు ఉంటాయి. దమ్ముకి పక్క ఊరి ట్రాక్టరాయనకి చెప్పి ఉంచాను. మా దుకాణంలోనే విత్తనాలు కొంటాడు, మా మడికి నీళ్ళు ఉండగానే వస్తానన్నాడు. ఆయన బండిని సెల్ఫ్ కొట్టించి చూశాను. చుట్టం కాదు కదా.

ట్రాక్టరుకి చూసినట్టే ఈ ఉపాయానికి కూడా లోపాలు చూశాను. నువ్వు కొన్నాళ్ళు మా గుమ్మం తొక్కకూడదు, లేకపోతే ఎవరూ నమ్మరు. అమ్మకి నిజం చెప్పలేను. చెబితే సాయంత్రానికి ఊరంతా ఓదార్చడానికి వస్తుంది. నాన్న నాతో ఎన్నాళ్ళు మాట్లాడడో తెలియదు. నువ్వు కోడలితో మాట్లాడకపోతే రెండు రోజుల్లో తేలిపోయింది, నాన్న పట్టుదల వేరు. రేపు ఏ బంతిలో కూర్చున్నా, మేనమామ బండికి పళ్ళు చూసిన పిల్ల ఇదేనని పక్కవాళ్ళకి చూపిస్తారు. గుణం ఒకటే ఉంది. మా మడిలో వరి ఉంటుంది.

ఇంకొక్క సంగతి. మా ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నీ ఉత్తరం వచ్చాక నాన్న వీధి అరుగు మీద కూర్చుని, అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి, నన్నే చదవమంటారు. నీ తిట్లన్నీ నా నోటితో నేనే చదవాలి. అందుకని మెత్తగా రాయించకు. అరుణశ్రీ అక్క జాలిపడి మాటలు మారుస్తుందేమో, మార్చనివ్వకు. అక్షరం వదలకుండా చదువుతానని మాట ఇస్తున్నాను.

ఆడపిల్లని చదివించడమే నీ తప్పు బావా అని కూడా రాయించు. ఆ మాట లేకపోతే నాన్న నమ్మడు. నువ్వు నిజంగా కోపగించుకుంటే ముందు అదే అంటావని ఆయనకి తెలుసు. పొలం పని మానిపించి చదువుకని నన్ను రాజాం బస్సు ఎక్కించినప్పుడు ఊళ్ళో అందరూ ఇదే మాట అన్నారు, ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పడు. వింటాడు. దాన్ని ఉత్తరం చివర మాత్రం పెట్టించకు. దాని తర్వాత ఇంకో నాలుగు తిట్లు ఉంటే, నేను తలెత్తి ఆయన్ని చూడకుండా కిందికి చదువుకుంటూ వెళ్ళగలను.

పద్నాలుగున ఎడ్లని సంతకి తోలుతారు. నాన్న పేరున నీ ఉత్తరం పన్నెండో తేదీలోగా మా ఇంటికి చేరాలి.

శైలజ